పందిట్లో కూర్చుని

ఇల్లు కడతాం, గుడి కడతాం, గోడ కడతాం, ఆనకట్ట కడతాం. పందిరి మాత్రం వేస్తాం. పాక వేస్తాం, గుడిసె వేస్తాం, మంచం వేస్తాం, పీట వేస్తాం, ముగ్గు వేస్తాం. నాలుగు కాలాలు నిలవాల్సినదానికి కట్టడం, నాలుగు రోజుల ముచ్చటకి వేయడం. ఈ పంపకం ఎవరూ బళ్ళో చెప్పరు, అయినా నూటికి తొంభైమంది తప్పకుండా పాటిస్తారు. "అమ్మాయి పెళ్ళికి పందిరి కట్టాం" అంటే తప్పు కాకపోవచ్చుగానీ, ఆ మాట కొంచెం సిమెంటు వాసన వేస్తుంది.

మరి ఇంటి వెనక మల్లెతీగ ఎక్కడానికి టేకు చెక్కతో, బోల్టులు బిగించి, పదికాలాలు నిలిచేలా ఒక పందిరి చేయించుకుంటే దాన్ని వేశామనాలా, కట్టామనాలా? ఈ సందేహం నాకు రాలేదు, మేస్త్రీకి వచ్చింది. కొలతలన్నీ విని, "పందిరంటున్నారు, గుంటలు తవ్వి కాంక్రీటంటున్నారు. వేయించుకుంటారా, కట్టించుకుంటారా మాస్టారూ?" అన్నాడు. రెండిటికీ కూలి తేడా ఉంటుందట. వేయు, కట్టు అనే రెండు క్రియల మీద నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంత క్లుప్తమైనది లేదు.

అతను నన్ను మాస్టారూ అంటాడు, నేను అతన్ని మేస్త్రీ అంటాను. పోర్చుగీసువాళ్ళ మెస్త్రె పడవ దిగి పనివాళ్ళ పెద్దగా మారి మేస్త్రీ అయింది. ఇంగ్లీషువాళ్ళ మాస్టరు బడిలో చేరి మాస్టారు అయింది. రెండిటికీ మూలం లాటిన్‌లోని మగిస్తెర్. అంటే పొద్దుటినుంచీ మేమిద్దరం ఒకరినొకరం ఒకే మాటతో పిలుచుకుంటున్నాం. అందులో రంపం పట్టడం వచ్చినవాడు మాత్రం ఒక్కడే.

వడ్రంగి మాట ఇంకా పాతది. సంస్కృతంలో వర్ధకి, ప్రాకృతంలో వడ్ఢకి, తెలుగులోకి వచ్చేసరికి వడ్డంగి, వడ్లంగి, వడ్రంగి. తెలంగాణలో వడ్ల అని ఇంకా చిత్రిక పట్టారు. హిందీ బఢయీ కూడా ఈ ఇంటివాడే. ఇక్కడ వర్ధ్ అంటే కోయడం, నరకడం. పెరగడానికి ఉన్న వృధ్ ధాతువు వేరు. కానీ రూపాలు పుట్టేటప్పుడు రెండూ ఒకే గుమ్మంలోంచి బయటికొస్తాయి. వర్ధనం అన్న మాటకి సంస్కృత నిఘంటువులు పెంపు అనీ, కోత అనీ రెండర్థాలూ ఇస్తాయి.

పెరుగుదల తరఫు బంధువుల్లో వర్ధంతిది విచిత్రమైన కథ. నిజానికి అది వృద్ధి చెందే దినం, అంటే పుట్టినరోజు. మైసూరులో చాముండేశ్వరి వర్ధంతి అంటే ఇప్పటికీ అమ్మవారి జన్మదినమే. తెలుగువాడు ఆ బోర్డు చదివి ఉలిక్కిపడతాడు. మనం జయంతిని పుట్టుకకి కేటాయించి, మిగిలిన మాటని చావుకి ఇచ్చేశాం. పందిరి దగ్గరికొస్తే రెండు వర్ధనాలకీ పని ఉంది. ఒకటి చెక్కని కోస్తుంది, ఇంకోటి ఆ చెక్క మీదికి ఎగబాకుతుంది.

సరుకు లెక్క పెద్దదేం కాదు. 4 అంగుళాల చదరంలో 9 అడుగుల గుంజలు నాలుగు. 2 అడుగులు భూమిలోకి పోతే పైన 7 నిలుస్తాయి. తీగ కాస్త వేలాడినా మనిషి తలకి తగలకూడదు కదా. పందిరి కింద దారి వెడల్పు 4 అడుగులు, గుంజల వరసల మధ్య లోతు 2. దారికి అడ్డంగా 6 అడుగుల దూలాలు రెండు, అటూ ఇటూ ఒక్కో అడుగు బయటికొచ్చేలా. వాటిమీద అడుగుకొకటి చొప్పున వాసాలు. పక్కలకి సన్నపట్టెలతో తడిక. తడ అంటే అడ్డు, తడిక దాని పిల్ల.

గుంజ ఎక్కడ కుళ్ళుతుందో మేస్త్రీ వేలితో చూపించాడు. మట్టిలో మునిగిన అడుగుభాగంకంటే, మట్టీ గాలీ కలిసే అంచు దగ్గర ముందు పాడవుతుంది. అక్కడ తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది, చెక్కని తినే బూజుకి ఆ రెండే కావాలి. అందుకని నేలమట్టానికి జానెడు పైదాకా తారు పూత, గుంట అడుగున నీళ్ళు దిగిపోవడానికి గులకరాళ్ళు, పైన కాంక్రీటు గుంజనుంచి బయటికి వాలుగా. వాన చెక్కని చంపదు, ఆరకపోవడం చంపుతుంది అన్నది అతని సిద్ధాంతం. పెళ్ళిపందిరి వేసేవాడికి ఈ బాధ లేదు. సర్వి బాదులు పాతి తాటాకులో కొబ్బరాకులో కప్పితే, కుళ్ళేలోగా విప్పేస్తాడు.

గుంజ పాతే రోజు రాగానే ఇంట్లో పంచాంగం బయటికొచ్చింది. మల్లెతీగకి వేసే పందిరికి ముహూర్తమేమిటి అంటే, "రాట అన్నాక రాటే" అని మా ఆవిడ తీర్పు. ఆ తీర్పులో వ్యుత్పత్తి శాస్త్రం ఉంది. వస్తువు ఒకటే, నేలలో పాతిన కర్ర. పశువుని కట్టేస్తే గుంజ. పసుపు రాసి, పాలకొమ్మ జోడించి, నవధాన్యాలు మూటగట్టి కడితే రాట. రాటకి ముహూర్తం ఉంటుంది, గుంజకి ఉండదు. పెళ్ళింట పందిరిరాట పడిందంటే ఇక ఆ ఇల్లు పెళ్ళివారిల్లు.

దేవుళ్ళకీ ఇదే పద్ధతి. సింహాచలంలో అప్పన్న కల్యాణానికి ఉగాదినాడు పెళ్ళిరాట వేస్తారు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండుగ పందిరిరాటతో మొదలవుతుంది. అక్కడా వేస్తారనే అంటారు, పాతుతారని అనడం తక్కువ. తమిళులు దీన్నే పందక్కాల్ అంటారు, పందిరికాలు అని. వాళ్ళు కాలు అన్నారు, మనం రాట అన్నాం, కొబ్బరికాయ ఇద్దరమూ కొడతాం.

రాటకి నిడుపు చేరిస్తే నిట్రాట. నిడు అంటే పొడవు, నిడు రాయి నిట్రాయి అయినట్టే. ఆ పేరు పలికేటప్పుడే నోరు నిటారుగా నిలుస్తుంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నవాడు పందిరిని మరిచిపోయాడు. అది రెండిట్లోనూ ఉంది. ఇంటికి పెరట్లో పందిరి, పెళ్ళికి వాకిట్లో పందిరి. గొప్పలు చెప్పుకునేటప్పుడు కూడా మనవాళ్ళు ఆకాశమంత పందిరి వేసి, భూదేవంత పీట వేశారు. ఆకాశమంత మేడ కట్టాలని ఎవరికీ తోచలేదు. ఆకాశానికి గోడలుండవని వాళ్ళకి తెలుసు.

ఇక అసలు మాట. మేస్త్రీ సరుకుల చీటీ మీద "పందిలి కర్ర" అని రాశాడు. అచ్చుతప్పనుకుని దిద్దబోయేవాళ్ళు ఒక్కసారి బ్రౌను దొరగారి 1852 నాటి నిఘంటువు తిరగేయాలి. పందిరి, పందిలి రెండూ ఉన్నాయి. రకార లకారాలు ఇలా చోటు మార్చుకోవడం మన భాషకి కొత్తేం కాదు. చీటీలో ఉన్నది నిఘంటువుకెక్కిన రూపమే, బడికెళ్ళిన మనం దాన్ని మరిచిపోయాం.

ఈ తగాదా ఏకవచనంలోనే. బహువచనంలో పందిరి అయినా పందిలి అయినా పందిళ్ళే. ఊరు ఊళ్ళయినట్టు, గోరు గోళ్ళయినట్టు ర, ల, డ మూడూ వచ్చి ళకారంలో రాజీపడతాయి. ఇంట్లో పేచీలు పెట్టుకునే అన్నదమ్ములు ఊరేగింపులో ఒకే వరసలో నడవడం చూడలేదా.

అంతకంటే అందమైనది పందిట్లో అన్న రూపం. పెళ్ళిపందిరిలో అని ఇప్పుడు శుభలేఖల్లో అచ్చేస్తున్నారుగానీ, నోరు తిరిగినవాళ్ళు పందిట్లో అనే అంటారు. ఆ ట ఎక్కడినుంచి వచ్చింది? నాగలి నాగటి, నోరు నోటి, ఏరు ఏటి. విభక్తి చేరేముందు కొన్ని మాటలు వేషం మారుస్తాయి. చిన్నయసూరి ఈ వేషానికి ఔపవిభక్తికం అని పేరు పెట్టాడు. అది చెప్పి పిల్లల్ని భయపెట్టడం తెలుగు మాస్టార్లకి ఒక సరదా.

కానీ ఈ జాబితాని నెమ్మదిగా చదివితే భయం పోతుంది. వాకిలి, వాకిట. ముంగిలి, ముంగిట. లోగిలి, లోగిట. కౌగిలి, కౌగిట. పందిలి, పందిట. మూలాలు వేరువేరుగానీ విభక్తి దగ్గర అన్నీ ఒకే కుటుంబంలా మసలుతాయి. ఇంటి నోరు వాకిలి, ఇంటి ముందు భాగం ముంగిలి, లోపలి భాగం లోగిలి, మనిషికి మనిషి ఇచ్చే చోటు కౌగిలి. పూర్తిగా ఇల్లు కాని చోట్లే అన్నీ, అయినా నిలబడితే చల్లగా ఉండే చోట్లు. యాదృచ్ఛికమే అనండి. యాదృచ్ఛికాలకి కూడా అప్పుడప్పుడు అభిరుచి ఉంటుంది.

పొరుగిళ్ళలో ఈ మాట ఎలా ఉందో చూద్దాం. తమిళంలో పందల్, పందర్. అక్కడా ర, ల తగాదా ఉందన్నమాట. సంగం కావ్యాల్లో పందర్ వినిపిస్తుంది, ఇవాళ్టి వీధుల్లో పందల్. మలయాళంలో పందల్. కన్నడంలో హందర. కన్నడం మధ్యయుగాల్లో పదం మొదట ఉన్న ప అన్నిటినీ హ చేసుకుంటూ పోయింది. పాలు హాలయింది, పులి హులి అయింది, పువ్వు హూవు అయింది. అదే ఊపులో పందర కూడా హందర. హాలు అంటే మనకి ముందుగది, వాళ్ళకి పాలు. అటునుంచి వచ్చిన చుట్టాన్ని హాల్లో కూర్చోమంటే ఏమనుకుంటాడో.

బందరు పేరు వినగానే కొందరు పందర్ గుర్తొచ్చి ముడివేయబోతారు. వద్దు. బందరు పారసీకంలో రేవు. మచిలీపట్నానికి ఆ పేరు ఓడలతో వచ్చింది, తీగలతో కాదు. అలాగే పందిరిని సంస్కృత బంధ్ ధాతువుకి కట్టేయాలని చూసినవాళ్ళూ ఉన్నారు. కర్రల్ని కట్టి చేసేదేగా, బంధమేగా అని. వినడానికి బాగుంది. కానీ నాలుగు దక్షిణాది భాషల్లోనూ మొదట ప తోనే ఉండి, ర-ల మార్పు కూడా పంచుకుంటున్న మాటకి అంత దూరం వెళ్ళి తండ్రిని వెతకక్కరలేదు. బర్రో, ఎమెనో 1961లో వేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు దీన్ని మన ఇంటి మాటగానే ఉంచింది.

ఆ ఇంటి మాట తర్వాత చాలా ఊళ్ళు తిరిగింది. మద్రాసు దొరలు తమిళం నోట విని పండాల్ చేసుకున్నారు. వాళ్ళ ఆంగ్లో-ఇండియన్ మాటల పెద్ద నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ 1886లో దానికి చోటిచ్చింది. కలకత్తాలో దుర్గాపూజకి వెదురూ గుడ్డా కలిపి వేసే మహానిర్మాణాల్ని బెంగాలీలు ప్యాండేల్ అంటారు. ఆ పూజ 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. ప్యాండేల్ ఎంత ఎత్తు లేచినా పండుగ కాగానే విప్పేస్తారు. ఇంగ్లీషు చేతులో పడి ఉచ్చారణ వంకరపోయిందిగానీ, తాత్కాలికం అన్న పుట్టుమచ్చ చెరగలేదు.

మనం మాత్రం వినాయక చవితికి పందిళ్ళు మానేసి మండపాలు పెట్టుకున్నాం. రేకు కప్పిన నాలుగు బొంగుల గూడుకి కూడా మండపమే. మండపం సంస్కృతం, చెవికి రాయిలా బరువు. అయితే ఆ మాట లోపల చూస్తే నవ్వొస్తుంది. మండం అంటే గంజి, అన్నం మీద తేరే తేట. ప అంటే తాగేది. పాదపం, మధుపం లాగా మండపం అంటే గంజి తాగేవాడు. సంస్కృత నిఘంటువుల్లో ఈ అర్థం కూడా నిజంగానే ఉంది. గంజి తాగేవాడికీ వెయ్యి స్తంభాలకీ పొత్తు ఎలా కుదిరిందని నైరుక్తికులు చాలా తంటాలు పడ్డారు. నాకు మటుకు, ఆ రెండూ వేరు మాటలై ఉండి, దారిలో ఢీకొని ఒకటయ్యాయనిపిస్తుంది.

ఆ నిఘంటువులే మండపానికి పండుగలప్పుడు వేసే పందిరి అన్న అర్థమూ ఇస్తాయి. అంటే రాతి మండపాలన్నీ పుట్టుకతో రాతివి కావు. లేపాక్షి వీరభద్రాలయంలో ఇది కంటికి కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో విజయనగర కాలపు శిల్పులు అక్కడ ఒక కల్యాణ మండపం మొదలుపెట్టి సగంలో ఆపేశారు. పైకప్పు పడలేదు. దాని పక్కనే లతామంటపం. స్తంభాల ముఖాల మీద ఒకదానికొకటి పోలని తీగలు, పువ్వులు, హంసలు. ఇవాళ చీరల అంచుల మీద కనిపించే లేపాక్షి డిజైన్లు అక్కడివే. తీగకి పందిరి వేయడం మామూలు. ఆ శిల్పులు గుంజలోనే తీగని మొలిపించారు.

పెరటి గుమ్మాన నిలబెట్టే ఇలాంటి చెక్కపందిరికి ఇంగ్లీషులో ఆర్బర్ అంటారు. లాటిన్‌లో ఆర్బర్ అంటే చెట్టు, కనక చెట్టు నీడ, కనక పందిరి అని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. వ్యుత్పత్తిలో ఇట్టే చెప్పగలిగినవాటిని అనుమానించడం మంచిది. ఆ మాట అసలు రూపం ఎర్బర్. పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలం హెర్బా, అంటే గడ్డి, మూలిక. మొదట అది పచ్చిక బయలు, ఆ తర్వాత మందుమొక్కల తోట, చివరికి ఆ తోటలో కూర్చునే నీడ. చెట్టుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. లాటిన్ వచ్చిన పండితులు ఉచ్చారణ దగ్గరగా ఉంది కదా అని చెట్టు గోత్రం తగిలించారు. గడ్డిలో పుట్టి చెట్టుగా చలామణి అవుతోంది పాపం.

దానికంటే పెద్దది, వరసగా స్తంభాలు ఉండేది పెర్గోలా. అది ఇటాలియన్. లాటిన్ పెర్గులా అంటే గోడ నుంచి ముందుకి చాచిన చూరు. హైదరాబాదు ఫ్లాట్ల ప్రకటనల్లో ఇప్పుడు పెర్గోలా లేని టెర్రస్ లేదు. తీగ ఒక్కటీ ఉండదు, ఇనుప పట్టెల నీడ మాత్రం చారలు చారలుగా పడుతుంది. పందిరి అని రాస్తే చదరపు అడుగు రేటు తగ్గుతుందని భయం కాబోలు.

గుంజలు నిలబడ్డాక ఆయతం కుదిరిందో లేదో చూడాలి. మేస్త్రీ మూలమట్టం తీయలేదు. ఒక దారం తీసుకుని ఈ మూలనుంచి ఆ మూలకి, మళ్ళీ ఆ మూలనుంచి ఈ మూలకి లాగాడు. రెండు కొలతలూ సమానమైతే మూలలు సరిగా ఉన్నట్టే. ఒక బెత్తెడు తేడా వచ్చింది. ఒక గుంజని భుజంతో కాస్త నెట్టి, గుండు వేలాడదీసి నిటారు చూసి, మట్టి దిమ్మిస్‌తో కొట్టాడు. యజ్ఞవేదికలు ఇలా తాళ్ళతో కొలిచే పద్ధతుల్నే శుల్బసూత్రాలన్నారు. శుల్బం అంటే తాడు. బోధాయనుడు ఆయతం కర్ణం గురించి చెప్పిన సంగతి పుస్తకంలో పైథాగరస్ పేరుతో చదువుకున్నాం, పెరట్లో దారం పేరుతో చూశాం. 3, 4, 5 అడుగుల ముడులు వేసిన దారం కూడా ఇదే పని చేస్తుంది.

మేకు దగ్గర ఇంకో విదేశీయుడు దొరికాడు. పారసీకంలో మేఖ్. మన చీల మూలన పడింది. పందిరికి మాత్రం మేకు చాలదు. దూలం గుంజకి కలిసే చోట సగం మందం గాడి తీసి కూర్చోబెట్టి, అవతలకి వచ్చేలా బోల్టు బిగించాలి. ఎండలకి చెక్క ముడుచుకుంటుంది, వానలకి ఉబ్బుతుంది. ఆ కదలికకి మేకు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. బోల్టుని ఏడాదికోసారి బిగించుకోవచ్చు. పైగా పందిరి మోయాల్సింది తన బరువొక్కటే కాదు. వానలో తడిసిన తీగ బరువు ఎండలో తీగ బరువుకంటే ఎక్కువ. దానికి గాలి తోడైతే పందిరి తెరచాపే.

తీగ అన్నాం కదా. తెలుగులో తీగ మొలకెత్తేదీ అవుతుంది, కరెంటు పారేదీ అవుతుంది, వీణ మీద మోగేదీ అవుతుంది. సన్నగా, పొడుగ్గా, వంగేదిగా ఉంటే చాలు, ప్రాణముందా లేదా అని భాష అడగలేదు. బీర, కాకర, పొట్ల పండించే రైతులు రాతి కూసాలు పాతి, ఇనుప తీగలు లాగి, వాటి మీద పాదులు పాకిస్తారు. తీగ మీద తీగ. దీనికి ఉద్యాన శాఖ పెట్టిన పేరు శాశ్వత పందిరి. మొదట్లో చెప్పుకున్న వేయు క్రియకి ఈ పేరు మింగుడు పడదు. అయినా సబ్సిడీ వస్తుంది కనక రైతు మాట్లాడడు.

పొట్ల పందిరి కిందికి ఎప్పుడైనా వంగి వెళ్ళి చూడండి. ప్రతి పిందె కొసకీ దారంతో ఒక చిన్న రాయి వేలాడుతుంటుంది, కాయ వంకరపోకుండా. పందిరి పైన ఎండ వెతుక్కునే ఆకులు, కింద రాళ్ళు మోసే కాయలు.

పాదు మాట కూడా జరిగి జరిగి వచ్చింది. మొదలు చుట్టూ నీళ్ళు నిలవడానికి చేసే గుంట పాదు. తర్వాత ఆ గుంటలోని మొక్కే పాదయింది. బీరపాదు కాసింది అంటే గుంట కాయలేదు కదా. సంస్కృతంలో ఈ గుంటని ఆలవాలం అంటారు. "సద్గుణాలకి ఆలవాలం" అని సన్మానపత్రాల్లో రాసేది ఇదే. శాలువా కప్పించుకుంటున్న పెద్దమనిషిని నీళ్ళగుంట అంటున్నామని ఇచ్చేవాళ్ళకీ తెలీదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలీదు.

పాదునుంచి పందిరికి ఎక్కించే చెయ్యి నులితీగ. నులి అంటే మెలి. నులక అందులోంచే వచ్చింది, నులకమంచం, కడుపులో నులినొప్పి, నులిపురుగులు అన్నీ ఆ మెలికే. ఆనపతీగ నులితీగ ఒకటి పట్టెని పట్టుకున్నాక దగ్గరగా చూస్తే ఒక విశేషం ఉంది. రెండు కొసలూ బందీ అయ్యాక అది మెలి తిరగాలి. ఒకే వైపు తిరిగితే తీగ తెగిపోతుంది. అందుకని సగం కుడివైపు, సగం ఎడమవైపు మెలి తిరిగి, మధ్యలో ఒక చిన్న తిన్నని ముక్క వదులుతుంది. గాలికి లాగినప్పుడు స్ప్రింగులా సాగుతుంది. పాకే మొక్కల మీద డార్విన్ 1865లో ప్రత్యేకంగా రాసిన రచనలో ఈ ఎదురుమెలికల సంగతి ఉంది. నులకతాడు పేనిన చేతులకి ఇది చదవకుండానే తెలుసు.

ఆధారం లేక అల్లాడుతున్న తీగకి అందరికంటే ఖరీదైన పందిరి వేసినవాడు పారి. తమిళ సంప్రదాయం చెప్పే దాతల్లో ఒకడు, పరంబు కొండ దొర. దారిలో ముల్లై తీగ పాకడానికి ఏమీ లేక గాలికి ఊగుతుంటే, దిగి, తన రథాన్నే దాని పక్కన వదిలేసి వెళ్ళాడట. ఆయన మంత్రి ఏమన్నాడో కథ చెప్పదు. ఇందులో నాకు చప్పరం మాట గుర్తొస్తుంది. తెలుగులో చప్పరం అంటే పందిరి. దేవుణ్ణి ఊరేగించే పైకప్పున్న వాహనం కూడా చప్పరమే, తమిళంలో సప్పరం. పందిరీ రథమూ ఒకే పేరు పంచుకోవడం పారికి తెలిస్తే సంతోషించేవాడు.

పొదరిల్లు సంగతి వేరే. పొదరు అంటే పొదే. పొదరిల్లు దానంతట అదే అల్లుకున్న ఇల్లు, దానికి మేస్త్రీ ఉండడు. అల్లుకోవడం అనగానే పెళ్ళిపందిట్లో అల్లుణ్ణి తలుచుకుని, ఇంటిని అల్లుకుపోతాడు కనక అల్లుడు అని మామగార్లు వ్యుత్పత్తి చెబుతుంటారు. కన్నడంలో అల్లుడు అళియ. అల్లికతో పనిలేకుండానే అతను అక్కడా అల్లుడే. మామగార్ల వ్యుత్పత్తి శాస్త్రపరీక్షకి నిలవదు, అనుభవానికి నిలుస్తుంది.

గుంజ లేని పందిరి కూడా ఉంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి అని ఒక ఊరు, అక్కడ ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. కొమ్మలు నాలుగువైపులా చాచిన మామిడిని చూసి ఎవరో గిరిజనుడో బాటసారో పెట్టిన పేరై ఉండాలి. చీరాల పక్కన వేటపాలెం మండలంలో పందిళ్ళపల్లి ఉంది, పేరులోనే బహువచనం.

ఈ మాట ఇంకోచోట మారువేషంలో ఉంది. ఎండాకాలం రాగానే రోడ్డు పక్కన తడిక కప్పి, ఇసుకలో కుండలు పెట్టి, దాహానికి మంచినీళ్ళు పోస్తారు. దానికి పేరు చలివేంద్రం. ఇంద్రుడెక్కడున్నాడు ఇందులో? ఎక్కడా లేడు. పాత నిఘంటువుల్లో చలిపందిరి, చలివందిరి, చలివెందర, చలివేంద్రం దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. చలి అంటే చల్లన. ఇరు, పది కలిసి ఇరువది అయినట్టే, సమాసం మధ్యలో ప వకారమై చలిపందిరి చలివందిరి అయింది. దిరి కుదించుకుని ద్ర అయింది. ఆ తర్వాత నరేంద్ర, రాజేంద్ర అని పలికి పలికి అలవాటైన నాలుక వేంద్ర అని దీర్ఘం తీసిందని నా ఊహ. తమిళులు ఇప్పటికీ తణ్ణీర్ పందల్ అంటారు, నీళ్ళ పందిరి అని నేరుగా. సంస్కృతంలో ప్రప అని దీనికి వేరే చక్కని మాట ఉందిగానీ మన దాహానికి అది అక్కరలేకపోయింది.

అలా పందిరి దాక్కుందని తెలియని మనవాళ్ళు ఈ మధ్య ఫ్లెక్సీల మీద "చలివేంద్ర కేంద్రం" అని కొట్టిస్తున్నారు. వేంద్రానికి తోడుగా కేంద్రం. చలిపందిరి అని రాయిస్తే అర్థం తెలియడమే కాదు, ఒక అక్షరం కూడా మిగులుతుంది. దాతగారి పేరు ఆ మేరకు కొంచెం పెద్దదిగా వేయించుకోవచ్చు.